భవానీనగర్‌లో అడ్జస్ట్ అనే క్రియ

బెల్ మోగితే నారాయణి ముందు తన దిండు తీసుకుంటుంది.

తలుపు తీయడం తర్వాత. ఎవరొచ్చారో చూడటం తర్వాత. పొయ్యి మీద పాలుంటే మంట తగ్గిస్తుంది. చేతులు కొంగుకు తుడుచుకుంటుంది. పడగ్గదిలోకి వెళ్ళి మంచం మీంచి తన దిండు తీసి వంటింటి అటక మీద పెడుతుంది. అప్పుడు తలుపు దగ్గరికి నడుస్తుంది. వచ్చింది గ్యాస్ సిలిండర్ కావచ్చు. కరెంటు బిల్లు తీసేవాడు కావచ్చు. అయినా దిండు మంచం మీద ఉండదు. కాపురానికి వచ్చిన కొత్తలో ఆమె చేయి నేర్చుకున్న పని ఇది. మంచం ఇవ్వడానికి మనసు సిద్ధం కాకముందే చేయి సిద్ధమైపోతుంది.

తిరుపతిలో ఇల్లున్నవాళ్ళకు ఇది విడమరచి చెప్పనక్కర్లేదు. మిగతా ఊళ్ళకు చుట్టాలు పెళ్ళికి వస్తారు, చావుకు వస్తారు. తిరుపతికి కారణం వెతకరు. కొండ ఉంది. కొండకు వచ్చేవాళ్ళకు కింద తల వాల్చడానికి చోటు కావాలి. చుట్టం వస్తాడు. చుట్టానికి చుట్టం వస్తాడు. ఆ చుట్టం పనిచేసే ఆఫీసు మేనేజరు వస్తాడు. మేనేజరు వియ్యంకుడు గుండు కొట్టించుకోవడానికి మనవణ్ణి ఎత్తుకుని వస్తాడు. మొక్కు వాళ్ళది. పుణ్యం వాళ్ళది. మంచం నారాయణిది.

ఇల్లు భవానీనగర్‌లో మొదటి అంతస్తు. ఒక హాలు, ఒక పడగ్గది, వంటిల్లు, ఒకటే బాత్రూము. ఆమె భర్త పద్మనాభ్ ఒక మఠం ట్రస్టు ఆఫీసులో గుమాస్తా. ఆ ఉద్యోగంతో దర్శనం చేయించే వీలు పెద్దగా లేదు. కానీ దూరంగా ఉన్నవాళ్ళు అలా అనుకోరు. పద్మనాభ్ ఉండాడు గదా తిరపతిలో, అనుకుంటారు. ఆ మాట అతనికి జీతం కంటే ఇష్టం. దాన్ని నిలబెట్టుకోవడానికి అతను ఏమైనా ఇస్తాడు. ఇచ్చేది ఎక్కువగా నారాయణి దగ్గర ఉన్నది.

గడపలో చెప్పులు విప్పకముందే వచ్చినవాళ్ళు ఒక మాట అంటారు.

"మా కోసం ఏం తంటాలు పడొద్దమ్మా. మేం అడ్జస్ట్ అయిపోతాం."

ఈ మాట అన్నవాళ్ళెవరూ ఇన్నేళ్ళలో అడ్జస్ట్ కాలేదు. వాళ్ళు మంచం మీద పడుకున్నారు. వేడినీళ్ళు పోసుకున్నారు. ఆమె వంటింట్లో గ్రైండరుకూ బియ్యం డబ్బాకూ మధ్య చాప వేసుకుంది. ఒకళ్ళు అంటారు, వేరేవాళ్ళు చేస్తారు. ఈ క్రియ మన ఊళ్ళల్లో పనిచేసే పద్ధతి అది.

నారాయణి ఇంగ్లీషు టీచరు. ఒక ప్రైవేటు హైస్కూలులో చెబుతుంది. పుట్టింది చంద్రగిరిలో. తండ్రి శఠగోపంగారు చిన్న గుడిలో దివ్యప్రబంధం చదివేవారు. కూతురు ఇంగ్లీషు చదువుతానంటే ఆయన నవ్వి, ఏ భాషైనా స్పష్టంగా పలుకు, అన్నారు. ఆమె దూరవిద్యలో ఎం.ఏ. చేసింది. స్పష్టంగా పలుకుతుంది. బడిలో పలుకుతుంది. ఇంట్లో ఆ గొంతు ఎవరూ వినలేదు.

ఆమధ్య ఎనిమిదో తరగతిలో ఆ క్రియ వచ్చింది. పాఠంలో అర్థం ఇచ్చారు: ఒక వస్తువును కొంచెం మార్చి సరిగ్గా కుదిరేట్టు చేయడం. ఉదాహరణలు కూడా ఇచ్చారు. గడియారం ముల్లు. మోటారుబండి అద్దం. నడుముకు పెట్టుకునే బెల్టు. అన్నీ వస్తువులే. వస్తువులకు మర ఉంటుంది, బెల్టుకు రంధ్రాలుంటాయి. తిప్పితే తిరుగుతాయి, లాగితే బిగుస్తాయి. ఇక ఆపు అని అవి అడగవు.

మీ వాక్యాలు చెప్పండి, అంది నారాయణి. పిల్లలకు ఇంగ్లీషు రాకపోయినా ఈ మాట వచ్చు. చేతులు లేచాయి.

"మేడమ్, ఆటోలో ముగ్గురి సీట్లో ఐదుమందిమి అడ్జస్ట్!"

"మేడమ్, మా అవ్వ గుడ్డు నాకేసి తను ఉత్త సారన్నంతో అడ్జస్ట్."

"మేడమ్, మాయమ్మ శ్రీ సిటీ కంపెనీలో నైట్ డ్యూటీ. పొద్దన్నే వచ్చి వంట చేసేసి, మమ్మల్ని బడికి పంపించి, అప్పుడు పండుకుంటాది. మధ్యానం కరెంటు పోతే లేచి కూసుంటాది. అడ్జస్ట్ మేడమ్."

"మేడమ్, ఈ భానుచందర్ పరీక్షలో నా పేపరు సూసి అడ్జస్ట్!"

తరగతి నవ్వింది. భానుచందర్ కూడా నవ్వాడు.

"సరే. మీ నాయన ఎప్పుడన్నా అడ్జస్ట్ అయినాడా? ఒక వాక్యం చెప్పండి."

పిల్లలు ఆలోచించారు. నిజంగానే ఆలోచించారు. చివరి బెంచీ నుంచి ఒక ఆడపిల్ల లేచింది.

"మా నాయన హెల్మెట్ అడ్జస్ట్ చేస్తాడు మేడమ్."

మళ్ళీ నవ్వారు. నారాయణి కూడా నవ్వింది. గంట కొట్టాక స్టాఫ్‌రూములో కూర్చుంది. నవ్వు పోయింది. బల్ల మీద పెద్ద నిఘంటువు ఉంది. తెరిచింది.

ఇంగ్లీషుకు ఈ మాట ఫ్రెంచి నుంచి వచ్చింది. దాని వెనక లాటిన్ ఉంది. పక్కన, దగ్గర అనే అర్థమున్న చిన్న మాట దాని వేరు. ఒకదాన్ని ఇంకొకదాని పక్కకు చేర్చడం. అంతే. తర్వాతి కాలంలో చదువుకున్నవాళ్ళు దాని రూపం చూసి పొరబడ్డారు. న్యాయం అనే అర్థమున్న మరో లాటిన్ మాటకు ఇది బంధువనుకున్నారు. ఆ పొరపాటు దాన్ని అంటుకునే ఉంది. లెక్కలు సరిచేయడానికి వాడారు. యంత్రాలు సరిచేయడానికి వాడారు. మనిషి తన్ను తాను కోసుకుని, ఉన్న చోటికి తగ్గట్టు తయారవడం అనే అర్థం చాలా ఆలస్యంగా వచ్చింది. యంత్రాల నుంచి మనుషుల మీదికి దిగింది.

మన దగ్గరికి వచ్చేసరికి దానికి ఆ ఒక్క అర్థమే మిగిలింది.

తెలుగులో మాట లేక కాదు. సర్దుకో అనే మాట ఉంది. వకుళాదేవి, అంటే నారాయణి అత్తగారు, కాపురానికి వచ్చినప్పుడు ఆమెకు ఆ మాటే చెప్పారు. కానీ సర్దుకో అంటే వినేవాళ్ళకు అది ఆజ్ఞ అని తెలుస్తుంది. చెప్పేవాడికీ తెలుస్తుంది. వాడికి కొంచెం సిగ్గుగా ఉంటుంది. ఇంగ్లీషులో ఆ సిగ్గు లేదు. అదే పని మర్యాదగా వినిపిస్తుంది. ముందు కొంచెం అని చేరుస్తారు. కొంచెం అడ్జస్ట్. ఆ కొంచెం ఎంతో ఎవరూ చెప్పరు. నారాయణి విషయంలో ఆ కొంచెం ఇప్పటికి సగం ఆయుష్షు.

ఆమె నిఘంటువు మూసింది. న్యాయానికి దీనికి చుట్టరికం లేదని పుస్తకమే చెబుతోంది. ఆ సంగతి తనకు పుస్తకం చెప్పనక్కర్లేదు అనుకుంది. కోపం వచ్చింది. ఆ కోపం స్టాఫ్‌రూములో మొదలైందని ఆమె అనుకుంది. అది చాలా ఏళ్ళుగా ఉన్నదే. ఆరోజు కూర్చోవడానికి దానికి చోటు దొరికింది.

ఆ ఏడాది ప్రభుత్వ టీచర్ల పోస్టులకు డీఎస్సీ పరీక్ష పడింది. నారాయణికి నలభై దాటాయి. ఈసారి తప్పితే వయసు హద్దు దాటిపోతుంది. మళ్ళీ రాయనివ్వరు.

పోస్టు వస్తే ఏ కుప్పంలోనో వేస్తారు. కుప్పమే కావాలనుకుంది ఆమె. అక్కడ ఒక గది అద్దెకు తీసుకుంటుంది. గదిలో ఒక మంచం వేసుకుంటుంది. కుప్పానికి ఎవరూ మొక్కుకోరు. కుప్పంలో ఒక రాత్రి ఉండిపోతామని గడపలో ఎవరూ నిలబడరు. ఆదివారం తిరుపతికి వచ్చి పోతుంది. మిగతా రోజులు తన దిండు మంచం మీదే ఉంటుంది. ఇది ఆమె ఎవరికీ చెప్పలేదు. చెప్తే చిన్నగా ఉంటుంది. మనుషులు పిల్లల కోసం, ఇల్లు కట్టడం కోసం సర్కారు ఉద్యోగం కోరుకుంటారు. ఆమె ఒక మంచం కోసం కోరుకుంది.

పోయినసారి డీఎస్సీకి చిత్తూరులో సెంటరు పడింది. ఆ రోజు ఇంట్లో పద్మనాభ్ మేనత్త తరఫువాళ్ళు ఉన్నారు. వాళ్ళకు పొంగలి చేసి, కాఫీ ఇచ్చి, మళ్ళీ కాఫీ ఇచ్చి బస్సెక్కింది. పాకాల దగ్గర బస్సు ఆగిపోయింది. ఇంకో బస్సెక్కి పరిగెత్తుకుంటూ పోయేసరికి గేటు మూసేశారు. ఆమెలాంటివాళ్ళు మరికొందరు కమ్మీలు పట్టుకుని నిలబడ్డారు. ఒకామె ఏడ్చింది. లోపల కాపలావాడు, నా చేతుల్లో ఏముందమ్మా, అన్నాడు. నారాయణి ఏడవలేదు. కాలేజీ ఎదురుగా చెట్టు నీడలో పరీక్ష అయ్యేదాకా కూర్చుంది. పరీక్ష రాసినవాళ్ళు బయటికి వచ్చినప్పుడు లేచి వాళ్ళతో పాటు బస్సెక్కింది.

"రాసినావా?" అని అడిగారు వకుళాదేవి.

"రాసినాను."

ఫలితాలు వచ్చాయి. పోస్టులు నిండాయి. నీదేమైంది అని ఈరోజు దాకా ఆ ఇంట్లో ఎవరూ అడగలేదు. తను చెప్పిన అబద్ధం కంటే ఆ అడగకపోవడమే ఆమెకు కడుపులో మంట.

ఈసారి కూడా చిత్తూరే పడింది. ఊరి బయట కాలేజీ. పొద్దుట పరీక్ష. ఆమె ముందే భర్తకు చెప్పింది.

"ఆ వారం ఎవుర్నీ పిలవొద్దండి."

"పిల్చను. నువ్వు సదువుకో."

"వస్తామంటే?"

"లేమని చెప్తాను. ఒట్టు, చాలా?"

బస్సును నమ్మలేదు. చంద్రగిరిలో వాళ్ళ వీధి ఏకాంబరానికి పెద్ద కారు ఉంది. చిన్నప్పటి నుంచి ఎరిగినవాడు. అతనికి ఫోన్ చేసి, పరీక్ష రోజు తెల్లవారక ముందే రమ్మంది.

"అంత పెద్ద కారు నీ ఒక్కదానికా అక్కా? నువ్వు ఒక సీటు, నీ పుస్తకం ఒక సీటా?" అన్నాడు ఏకాంబరం.

"అవును. నా ఒక్కదానికే."

చెప్పి ఫోన్ పెట్టేశాక ఆ మాట ఆమెకు కొత్తగా అనిపించింది. నా ఒక్కదానికే. మళ్ళీ అనుకుని చూసింది. బాగుంది.

పరీక్షకు ముందురోజు శనివారం. సాయంత్రం వంటింట్లో కూర్చుని ఇంగ్లీషు బోధనా పద్ధతులు చదువుతోంది. బెల్ మోగింది. చేయి తనంతట తాను లేచింది. దిండు అటక మీదికి పోయింది. తలుపు తీస్తే ఎనిమిది మంది.

ముందు నిలబడిన పెద్దమనిషి పేరు రాజారత్నం. మదనపల్లెలో కిరాణా హోల్‌సేల్ వ్యాపారం. పద్మనాభ్ ఆఫీసు సెక్రటరీకి తోడల్లుడు. పక్కన భార్య చంద్రకాంతమ్మ, ఆమె చేతిలో పెద్ద మరమరాల సంచి. వెనక కొడుకులు, కోడళ్ళు, పిల్లలు. వాళ్ళ వెనక మెట్ల మీద పద్మనాభ్, చేతిలో వాళ్ళ బ్యాగులు. అతను నారాయణి ముఖం చూడలేదు.

"ఏమ్మా బాగుండావా? నిన్ను శ్రమ పెడతాండాము," అన్నాడు రాజారత్నం. మంచి గొంతు. నిజంగానే నొచ్చుకున్న గొంతు. "తెల్లారుజామున పైన సేవ. లాడ్జీలన్నీ తిరిగినాం, యాడా లేవు. యాడ పండుకోమంటే ఆడ పండుకుంటాం తల్లీ. మేమేం పరాయోళ్ళమా? అడ్జస్ట్ అయిపోతాం."

చెప్పులు విప్పారు.

ఆ ఇంట్లో గొడవలు వంటింట్లో జరుగుతాయి. హాల్లో చుట్టాలుంటారు కాబట్టి గుసగుసలుగా జరుగుతాయి. నారాయణికి ఒక పద్ధతి ఉంది. మిక్సీ తిరుగుతున్నంతసేపే ఆమె గొంతు పెంచుతుంది. మిక్సీ ఆగితే ఆమె ఆగుతుంది. అందుకే ఆ ఇంట్లో కొబ్బరి చట్నీ చాలా మెత్తగా ఉంటుందని వచ్చినవాళ్ళు మెచ్చుకుంటారు.

"ఒట్టు వేసినారు," అంది.

"వేసినాను. బస్టాండు నుంచి ఫోన్ చేసి దిగినాము అంటే ఏం చెప్పేది? సెక్రటరీ తోడల్లుడు. పొమ్మనేదా?"

మిక్సీ తిరిగింది.

"పొమ్మనాల! రేపు నాకు పరీక్ష ఉండాది, మా ఇంట్లో కుదరదు అని చెప్పాల! ఆ మాట మీ నోట్లో నుంచి ఒక్కసారన్నా వచ్చిందా?"

మిక్సీ ఆగింది. హాల్లోంచి చంద్రకాంతమ్మ గొంతు వినబడింది. "ఏమ్మా, సట్నీనా? వాసన ఈడిదాకా వస్తాండాది!"

"ఆఁ, చట్నీనేనమ్మా," అన్నాడు పద్మనాభ్ బయటికి. తర్వాత లోపలికి తిరిగి, "నిన్ను పరీక్ష రాయొద్దన్నానా? వాళ్ళు గదిలో పండుకుంటారు. నువ్వు ఈడ లైటేసుకుని సదువుకో. ఎవురు అడ్డమొస్తారు నీకు? కొంచెం అడ్జస్ట్ అయితే పొద్దన్నే పోతారు."

 నారాయణి చట్నీ గిన్నెలోకి తీసింది. అతను వెళ్ళిపోతాడనుకుంది. వెళ్ళలేదు. గ్రైండరు మీద చేయి పెట్టి నిలబడ్డాడు. ఇంకా ఏదో ఉంది.

"ఇంగోటి," అన్నాడు. "ఏకాంబరానికి ఫోన్ చేసినాను. పొద్దన కారు వాళ్ళను కొండకు తీస్కపోతాది."

"యా కారు?"

"అదే, నువ్వు చెప్పిన కారు. పెద్దది గదా, అందురూ పడతారు. వాళ్ళు తెల్లారేలోగా పైన ఉండాల. నీకు తొమ్మిదికి గదా పరీక్ష. బస్సులో పో. చిత్తూరుకు బస్సులేమన్నా కరువా?"

"పోయినసారి బస్సులోనే పోయినాను."

"అయితే?"

అతను నిజంగానే అడిగాడు. ముఖంలో ఏ దాపరికమూ లేదు. అతను మర్చిపోయిన విషయం కాదు. అతనికి ఎన్నడూ తెలియని విషయం. తెలుసుకోవాలని అనుకోని విషయం. నారాయణి చేయి మిక్సీ బటన్ దాకా వెళ్ళి ఆగింది. మిక్సీ జార్‌లో ఏమీ లేదు. బటన్ నొక్కలేదు. మామూలు గొంతుతో, బడిలో ఉండే గొంతుతో మాట్లాడింది.

"గేటు మూసేసినారు. నేను రాయలేదు. ఇంటికొచ్చి రాసినానని చెప్పినాను. మీ మేనత్తవాళ్ళకు రెండోసారి కాఫీ పెట్టినందుకు ఆ బస్సు తప్పినాను. ఏమైంది అని ఇన్నేళ్ళలో మీరు ఒక్కరోజు అడగలేదు. రేపటిది కూడా పోతే నాకు ఇంక పరీక్ష లేదు. తెలుసా మీకు?"

హాల్లో టీవీ గొంతు తగ్గింది. 

పద్మనాభ్ హాలు వైపు చూశాడు. ఆమె చెప్పింది విన్నాడో లేదో. వాళ్ళు విన్నారా లేదా అన్నదే అతని కళ్ళల్లో ఉంది.

"మెల్లగా," అన్నాడు.

వకుళాదేవి వచ్చారు. గుమ్మానికి చేయి ఆనించి నిలబడ్డారు. సన్నగా, నిటారుగా ఉంటారు. ఆ ఇంట్లోకి ఎంతమంది వచ్చిపోయారో అందరికీ వండిన మనిషి.

"ఏంది నారాయణీ ఇది? వచ్చినోళ్ళు వింటాండారు. నేను చెయ్యలేదా? పద్మనాభుడు పుట్టినప్పుడు, పురిటి మంచం మీద నుంచి దిగి నెల్లూరోళ్ళకు ఇచ్చినాను. పసిబిడ్డను కింద చాప మీద వేసుకున్నాను. నాకు జొరం కూడా. ఒక్క మాట అన్నానా?"

గర్వంగానే చెప్పారు. చాలాసార్లు చెప్పిన కథ.

"ఆ నెల్లూరోళ్ళ పేర్లు గుర్తుండాయా అత్తా?" అంది నారాయణి.

వకుళాదేవి నోరు తెరిచారు. వెతికారు. పేర్లు రాలేదు.

"మీకు జొరం. చంటిబిడ్డ. మిమ్మల్ని దింపి వాళ్ళు ఆ మంచం మీద ఎట్ల పండుకున్నారు? ఎవురూ వద్దనలేదా? మామగారు కూడా?"

 అత్తగారు గుమ్మం మీద నుంచి చేయి తీసి హాల్లోకి వెళ్ళిపోయారు. టీవీ గొంతు పెరిగింది.

ఆ సాయంత్రం నారాయణి ఎనిమిది మందికి ఉప్మా చేసింది. వడ్డించింది. చంద్రకాంతమ్మ ఆమె చేయి పట్టుకుని, "పరీక్షంట గదా తల్లీ, స్వామికి చెప్తాలే నీ పేరు," అంది. ఆ మాటలో మోసం లేదు. ఆమె నిజంగానే చెబుతుంది. కొండ మీద, నారాయణి కారులో పోయి, నారాయణి పేరు చెబుతుంది. చెడ్డవాళ్ళయితే బాగుండేది అనుకుంది నారాయణి. చెడ్డవాళ్ళ మీద కోపం తేలిక. వీళ్ళు మరమరాలు తెచ్చారు. దీవిస్తారు. కృతజ్ఞతలు చెబుతారు. నీ దగ్గర ఉన్న ఒక్కటీ తీసుకుని వెళ్ళిపోతారు.

ఏకాంబరానికి ఫోన్ చేయలేదు. భర్తతో మళ్ళీ మాట్లాడలేదు. గిన్నెలు కడిగి, పుస్తకం తెరిచి, చదవగలిగినంత చదివి పడుకుంది.

మర్నాడు చీకటితోనే అందరికంటే ముందు లేచింది. స్నానం చేసింది. పొయ్యి వెలిగించలేదు. కాఫీకి డికాక్షన్ వేయలేదు. ఆకుపచ్చ నేత చీర కట్టుకుని, హాల్ టికెట్, ఆధార్ కార్డు, రెండు పెన్నులు సంచిలో పెట్టుకుంది. అప్పటికి హాల్లో కదలిక మొదలైంది. బాత్రూము ముందు తువ్వాళ్ళు భుజాన వేసుకుని వరుస కట్టారు. లోపల ఎవరో గోవిందా అంటూ నీళ్ళు పోసుకుంటున్నారు. ఆమె వాళ్ళ మధ్య నుంచి నడిచి మెట్లు దిగింది. కాఫీ వస్తుందనుకుని అందరూ దారి ఇచ్చారు.

కింద కారు నిలబడి ఉంది. ఏకాంబరం అద్దం తుడుస్తున్నాడు. ఆమె వెనక తలుపు తీసి, సీటు మధ్యలో కూర్చుని తలుపు వేసుకుంది.

ఏకాంబరం గుడ్డ పట్టుకుని కిటికీ దగ్గరికి వచ్చాడు.

"అక్కా, సారు కొండకని చెప్పినాడే?"

"చిత్తూరు."

"ఎనిమిది మందంట పైన."

"ఈ కారు ముందు ఎవురు చెప్పినారు ఏకాంబరం?"

"నువ్వే."

"నేను వద్దన్నానా?"

"అనలేదు. సారు అన్నాడు." గుడ్డ పిండాడు. "మొగుడూ పెళ్ళాల మధ్యలో నన్నెందుకక్కా ఇరికిస్తావు? సారు ఇంగ నాకు ఒక కిరాయి కూడా చెప్పడు, తెలుసా?"

"చెప్పడు."

"తెలిసీ ఎక్కినావు."

"ఎక్కినాను."

అతను ఆమె ముఖం చూశాడు. ఇంకో మాట అనబోయి మానుకుని ముందు సీట్లో కూర్చున్నాడు. తాళం తిప్పలేదు. మెట్ల మీద చప్పుడు. ముందు పద్మనాభ్ దిగాడు, చొక్కా గుండీలు ఇంకా పెట్టుకుంటూ. వెనక రాజారత్నం, తడి జుట్టు, కొత్త పంచె. కోడళ్ళు, పిల్లలు.

"నారాయణీ, దిగు," అన్నాడు పద్మనాభ్. పక్కింటి కిటికీ చూసి గొంతు తగ్గించాడు. "దిగు. ఇంట్లో మాట్లాడుకుందాం."

రాజారత్నం ముందుకు వచ్చాడు. అతనికి గొడవ ఇష్టం లేదు. ముఖం చిన్నబోయి ఉంది. దారి ఒకటి తోచింది అతనికి.

"దాందేముందప్పా, ఉండు. తల్లీ, నువ్వు దిగొద్దులే. మేమూ ఎక్కుతాం. అందురూ కొంచెం సదురుకుంటే పడతాం. మమ్మల్ని అలిపిరి కాడ దించేసి నువ్వు అట్నే చిత్తూరుకు పోదువు గాని. ఆడ జీపులు దొరుకుతాయి. పావుగంట పని."

న్యాయంగానే వినిపించింది. అలిపిరి ఒక దిక్కు, చిత్తూరు ఒక దిక్కు. కొండ కింద అలిపిరి తనిఖీ దగ్గర తెల్లవారుజామున బండ్లు ఎంత దూరం నిలబడతాయో ఆ ఊళ్ళో అందరికీ తెలుసు. ఒక కోడలు అప్పుడే తలుపు పిడి మీద చేయి వేసింది. చిన్నపిల్ల ఎక్కడానికి కాలు ఎత్తింది. నారాయణి పక్కకు జరిగితే చాలు. ఎవరూ ఆమెను తిట్టరు. మంచిదంటారు.

"కుదరదు," అంది నారాయణి.

"పావుగంటమ్మా."

"కుదరదండి. నేను పరీక్షకు పోవాల. మీకు వేరే బండి ఈయన చూస్తాడు."

పద్మనాభ్ ముఖం ఎర్రబడింది. "అందురి ముందరా?" అన్నాడు. "పెద్దాయన అడుగుతాండాడు. నీకు మర్యాద..."

పై నుంచి వకుళాదేవి గొంతు వచ్చింది. బాల్కనీ గోడ పట్టుకుని వంగి చూస్తున్నారు.

"రాజారత్నంగారూ, పైకి రాండి. కాఫీ నేను పెడతాను. బండి వచ్చేదాకా కూసోండి." ఆగారు. "పిల్లను తలుపు కాణ్ణించి ఇవతలికి లాగు పద్మనాభా. కారు కదులుతాది."

ఏకాంబరం తాళం తిప్పాడు.

వీధి మలుపు తిరిగాక ఫోన్ మోగింది. మళ్ళీ మోగింది. నారాయణి దాన్ని ఆపి సంచిలో వేసింది.  చంద్రగిరి దాటాక ఏకాంబరం కోట వైపు చూస్తూ, "మీ నాయనగారుంటే ఏమనేవాడో," అన్నాడు.    నారాయణికి ఇంటి ముందు అనాల్సిన మాటలు చాలా మిగిలిపోయాయి. అవి ఇప్పుడు ఒక్కొక్కటే వస్తున్నాయి. రానిచ్చింది. కిటికీ దించి, పాకాల దాకా గాలిలో కూర్చుంది. తర్వాత పుస్తకం తెరిచింది.

కాలేజీ దగ్గర దిగేసరికి ఎండ ఇంకా పచ్చగా ఉంది. గేటు తెరవలేదు. కాపలావాడు బీడీ కాలుస్తూ, "చానా పొద్దుండాదమ్మా," అన్నాడు.

"ఉండనీ."

ఆమె గేటుకు ఎదురుగా, సరిగ్గా మధ్యలో నిలబడింది. కాసేపటికి ఒక బస్సు వచ్చింది. దిగినవాళ్ళు వచ్చి ఆమె వెనక నిలబడ్డారు.